పూర్తికాని బి.ఎ. జీవితాంతం అక్కరకొచ్చింది

పాతపట్నం: 1952లో ఇక్కడి నుంచి లోక్‌సభకు ఎన్నికై, 1969లో రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి తాను కోరి చేరిన బి.ఎ. పూర్తి చేయలేకపోయారు. అయినా ఆ చదువు వృథా పోలేదు.

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. బారిష్టరు చదువుకు 1913లో ఐర్లండు వెళ్లారు. డబ్లిన్‌లో ఆయన చేరిన యూనివర్సిటీ కాలేజీ, క్యాథలిక్కులు 1854లో నెలకొల్పిన విశ్వవిద్యాలయం నుంచి పుట్టినది. బారిష్టరు కావడానికి అక్కడ ఏడాది చదివితే సరిపోయేది. గిరి మాత్రం మరో లా విద్యార్థితో కలిసి బి.ఎ.లో కూడా చేరారు.

ఇంగ్లీషు చెప్పినవారిలో కవి థామస్ మెక్‌డొనా ఒకరు. అర్థశాస్త్రం చెప్పినవారు ఫాదర్ థామస్ ఫిన్లే అనే జెసూట్ గురువు. ఐర్లండులో చిన్న రైతులను కూడగట్టి సహకార సంఘాలు పెట్టించిన వారిలో ఆయన ముఖ్యుడు.

1916 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో తిరుగుబాటు జరిగింది. దాని నాయకులలో ఒకరైన మెక్‌డొనాను మే 3న ఆంగ్ల ప్రభుత్వం కాల్చి చంపింది. గిరిని కూడా అనుమానించి, జూలై 1లోగా దేశం విడిచి పొమ్మని ఉత్తర్వు ఇచ్చింది. జూన్ 21న ఆయన బారిష్టరు అయ్యారు గాని బి.ఎ. మధ్యలోనే ఆగిపోయింది.

స్వదేశానికి వచ్చి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపారు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను ఓడించి, మద్రాసు ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో కేంద్ర మంత్రి పదవినే వదులుకున్నారు. 1975లో భారతరత్న పొందారు. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు.

కోర్టులో వాదించడానికి బారిష్టరు పట్టా చాలు. కూలివాడి పక్షాన నిలబడటానికి మరో చదువు కావాలి. ఆర్ట్సు చదివితే ఏమొస్తుందని అడిగేవారికి పాతపట్నం పాత ఎం.పి. జీవితమే జవాబు.