అన్నదమ్ములను బలి తీసుకున్న విరేచనాల జబ్బు.. దానికి రెండు మందులూ ఈయన ల్యాబ్ నుంచే! ఎవరీ యల్లాప్రగడ?

కోయిలకుంట్ల: కుందూ నది ఒడ్డున ఉన్న ఊళ్లలో తొలకరి పడి కొత్త నీళ్లు వచ్చాయంటే ఇళ్లలో ఒకటే భయం.. వాంతులు, బేదులు. ఇప్పుడైతే ఓఆర్ఎస్ ప్యాకెట్ ఉంది, దగ్గర్లో ఆసుపత్రి ఉంది. మరి వందేళ్ల కిందట? ఇంట్లో ఒకరి వెనక ఒకరు పోయినా జబ్బేంటో తెలిసేది కాదు. అలాంటి ఓ ఇంటి నుంచి వచ్చిన వ్యక్తే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారాయన. చిన్నప్పుడు చదువు మీద ధ్యాస తక్కువ. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు. తర్వాత మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు వేసుకుని వెళ్లడం తెల్లదొర ప్రొఫెసర్‌కు నచ్చలేదు. దాంతో ఎంబీబీఎస్ బదులు చిన్న డిగ్రీ అయిన ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

అసలు దెబ్బ ఇంట్లోనే తగిలింది. ఆయన అన్నదమ్ములు ఇద్దరు రోజుల తేడాతో చనిపోయారు. జబ్బు పేరు ట్రాపికల్ స్ప్రూ. ఇది వస్తే విరేచనాలు ఆగవు, తిన్నది ఒంటికి పట్టదు, నోరు పూస్తుంది, రక్తం తగ్గిపోతుంది. మనిషి ఎండిపోతాడు. సుబ్బారావునూ అదే జబ్బు పట్టుకుంది. ఆయుర్వేద వైద్యంలో పేరున్న డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చికిత్సతో ఆయన కోలుకున్నారు.

1920ల మొదట్లో భార్యను ఇక్కడే వదిలి అమెరికా ఓడ ఎక్కారు. మామగారు, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ డబ్బు సాయం చేశారు. బోస్టన్‌లో దిగాక డిగ్రీ పనికి రాలేదు. పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. అయినా 1925 నాటికి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఒంట్లో శక్తిని మోసే ఏటీపీని గుర్తించిన తొలివారిలో ఆయనా ఒకరు. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు పర్మినెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే మందుల కంపెనీలో చేరారు.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. అంతకు పదేళ్ల ముందే బొంబాయిలో లూసీ విల్స్ అనే డాక్టరమ్మ గర్భిణుల రక్తహీనతను తగ్గించే పదార్థం ఈస్ట్‌లో ఉందని గుర్తించారు. అది ఫోలిక్ యాసిడ్ కుటుంబానికి చెందిందని తర్వాత తేలింది. 1945లో సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లోనే తయారు చేసింది. క్యూబాలో స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే రక్తం పెరిగింది, ఆకలి పుట్టింది. 1948లో ఆయన హయాంలోనే బెంజమిన్ దుగ్గర్ ఆరియోమైసిన్ తెచ్చారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి యాంటీబయాటిక్ ఇదే. ఇప్పటికీ స్ప్రూకు డాక్టర్లు వాడేది ఆ రెండే.. ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. అన్నదమ్ములను కాపాడుకోలేకపోయిన మనిషి ల్యాబ్ నుంచే ఆ రెండూ వచ్చాయి.

అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకే నిద్రలో కన్నుమూశారు సుబ్బారావు. వెళ్లిన మనిషి మళ్లీ మాతృభూమి చూడలేదు. 1995లో భారత ప్రభుత్వం ఆయన పేరున తపాలా బిళ్ల విడుదల చేసింది.

అయితే స్ప్రూ ఎందుకొస్తుంది? 1960లలో దక్షిణ భారత పల్లెల్లో ఊళ్లకు ఊళ్లే దీని బారిన పడితే వేలూరు సీఎంసీ డాక్టర్లు పరిశోధించారు. చాలామందిలో మామూలు వాంతులు, బేదులతోనే ఇది మొదలవుతుంది. కానీ ఏ క్రిమి అన్నది ఇప్పటికీ తేలలేదు. విరేచనాలు తెచ్చే వైరస్‌లు బయటపడింది సుబ్బారావు పోయిన పాతికేళ్లకు. 1972లో నోరోవైరస్, 1973లో రోటావైరస్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద దొరికాయి. రోటాకు హైదరాబాద్‌లోనే టీకా తయారవుతోంది. నోరోకు మాత్రం టీకా ఇంకా మార్కెట్‌లోకి రాలేదు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. వైరస్ బేదులకు ఆరియోమైసిన్ లాంటి యాంటీబయాటిక్స్ పనిచేయవు. కనుక షాపులో మాత్రలు కొని మింగడం కాదు.. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పసిపిల్లలు నీరసించినా, మూత్రం తగ్గినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇక ఆశా కార్యకర్త గర్భిణి చేతిలో పెట్టే ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్ర కనిపిస్తే.. దాని వెనక ఓ భీమవరం బిడ్డ ఉన్నాడని ఇంట్లో పిల్లలకు చెప్పండి.