యాకోబు చేంబర్లేన్ దొరగారు మనకు విడిచిన స్వాస్థ్యము

ధ్యాన భాగములు: ఆదికాండము 23, 49:29–50:26, హెబ్రీ 11:8–22



దేవుడు కనాను దేశమంతయు అబ్రాహామునకు వాగ్దానము చేసెను. అయినను అతడు బ్రదికిన దినములన్నియు గుడారములలోనే కాపురముండెను. శారా 127 ఏండ్లు బ్రదికి హెబ్రోనులో మృతినొందినప్పుడు, ఆమెను పాతిపెట్టుటకు అతనికి అడుగు నేలయైనను లేకపోయెను. అప్పుడతడు హిత్తీయుడైన ఎఫ్రోనుతో మాటలాడి, ఊరి గవిని యొద్ద సాక్షులందరి యెదుట 400 తులముల వెండి తూచి యిచ్చి, మక్పేలా పొలమును, దానిలోని గుహను, దాని పొలిమేరనున్న చెట్లను కొనెను. ఎఫ్రోను ఊరకనే యిచ్చెదనని చెప్పినను అతడు ఒప్పుకొనలేదు. రిజిస్టరు కచేరీలు లేని ఆ కాలములో తరువాతి తరములవారు వాదింపలేని విధముగా ఆ క్రయము జరిగెను. వాగ్దాన దేశములో అబ్రాహాము వెలయిచ్చి కొనిన నేల సమాధి నేలయే. తరువాత అబ్రాహాము, ఇస్సాకు, రిబ్కా, లేయా, కడపట యాకోబు అక్కడనే పాతిపెట్టబడిరి.

ఈ పితరుల వెలుగులో, వారిలో ఒకని పేరు ధరించి మన సీమకు పరదేశిగా వచ్చిన యొక దైవజనుని జీవితమును ఈ నెల ధ్యానింప గోరుచున్నాము. ఆయనే మదనపల్లె యాకోబు చేంబర్లేన్ దొరగారు.

వారు 1835 ఏప్రిల్ 13న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున షారన్ అను ఊరిలో పుట్టిరి. ఒహాయో రాష్ట్రములో పెరిగి అక్కడనే కళాశాల చదువు ముగించిరి. తరువాత న్యూ బ్రన్‌స్విక్ వేదాంత పాఠశాలలో దైవసేవకు సిద్ధపడిరి. వైద్య శాస్త్రమును కూడ అభ్యసించిరి. 1859లో షార్లెట్ దొరసానిగారిని వివాహమాడి, ఆ సంవత్సరాంతముననే ఓడ యెక్కి, 1860లో మద్రాసు చేరిరి. అబ్రాహాము తన దేశమును, బంధువులను, తండ్రి యింటిని విడిచి బయలుదేరినట్లు, ఆ యౌవన దంపతులు తమ వారినందరిని సముద్రమునకు ఆవల విడిచి వచ్చిరి.

ఆనాడు మన ప్రాంతములో పనిచేయుచుండినది ఆర్కాటు మిషను. దానిని 1853లో డాక్టర్ జాన్ స్కడ్డర్ గారి కుమారులు ముగ్గురు స్థాపించిరి. ఆ స్కడ్డరుగారి మనుమరాలు ఐడా అమ్మగారే 1900లో వేలూరులో వైద్యసేవ ఆరంభించిరి. మన పల్లెలనుండి నేటికిని రోగులు వెళ్లుచున్న పెద్ద ఆసుపత్రి దానినుండి పెరిగినదే. తాత మొదలుపెట్టిన పనిని కుమారులు, కుమారుల పనిని మనుమలు అందుకొనిన కుటుంబమది.

చేంబర్లేన్ దొరగారు మొదట పలమనేరులో నుండి తెలుగు నేర్చుకొని, 1863లో మదనపల్లెకు వచ్చిరి. మదనపల్లె ఆ కాలమున కడప జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు దానిలో చేరెను. ఆ 1863వ సంవత్సరమందే వారు కొందరు స్వదేశ సహాయకులతో, బండ్లమీద సువార్త పుస్తకములను మందులను వేసికొని, నైజాము రాజ్యము మీదుగా గోదావరీ తీరము వరకు ఇంచుమించు 1200 మైళ్ల ప్రయాణము చేసిరి. ఒక పట్టణములో జనులు వారిని కొట్టుటకు రాళ్లు చేతపట్టుకొనిరి. కొట్టకముందు ఒక కథ వినుడని వారు బతిమాలి, యేసుక్రీస్తు జననమును, సిలువ మరణమును తెలుగులో చెప్పనారంభించిరి. వినుచుండగా ఆ జనుల చేతులలోని రాళ్లు క్రింద పడెను. రాళ్లు పట్టినవారే సువార్త పుస్తకములను వెలయిచ్చి కొనిరి.

మరియొక దినమున పులులు తిరుగు అడవిలో చీకటిపడు వేళకు వరదలతో పొంగిన యేరు వారి దారికి అడ్డమాయెను. దాటుటకు సాధనము లేదు. నిలుచుటకు ఆరిన నేల లేదు. దొరగారు గుఱ్ఱముమీదనుండియే ప్రార్థించి, గోదావరి వైపు తిరుగవలెనని మనస్సులో బలమైన ప్రేరేపణ పొందిరి. నది యొడ్డునకు పోగా, పైనుండి త్రాళ్లు తెగి కొట్టుకొనివచ్చిన పెద్ద బల్లకట్టొకటి వారి కంటబడెను. ఆ రాత్రి అందరును దానిమీదనే భద్రముగా గడపిరి. బేతేలులో రాయి తలక్రింద పెట్టుకొని పండుకొనిన యాకోబునకు తోడైన దేవుడు ఈ యాకోబునకును తోడైయుండెను. అయితే యబ్బోకు రేవులో పెనుగులాడి కుంటుచు వెళ్లిన పితరునివలెనే వీరును క్షేమముగా గాని కుంటుచు తిరిగివచ్చిరి. ఆ ప్రయాణములో తగిలిన అడవి జ్వరము వారి దేహమును జీవితాంతము బాధించెను. ఆరోగ్యము చెడి స్వదేశమునకు పోవలసి వచ్చినను వారు మరల మరల మన సీమకే తిరిగివచ్చిరి.

పలమనేరులోను మదనపల్లెలోను వారు వైద్యశాలలు నడిపి వేలకొలది రోగులకు మందిచ్చిరి. అమెరికా సంఘములలో తిరిగి ధనము కూర్చగా, 1888లో పలమనేరులో బోధకులను సిద్ధపరచు వేదాంత పాఠశాల తెరువబడెను. అన్నిటికంటె ముఖ్యముగా, తెలుగు బైబిలును సవరించిన సంఘమునకు 1873 మొదలు 1894 వరకు అధ్యక్షులుగా పనిచేసిరి. ఒక్కొక్క మాటను మూలభాషలతో సరిచూచి, పల్లెలోని మనుష్యునికి తెలియునట్లు తెలుగులో పెట్టుట ఎంత ఓపికతో కూడిన పనియో తలంచుడి. ఆరాధన క్రమమును, కీర్తనలను కూడ తెలుగులో సిద్ధపరచిరి. వారి కుమారులు విలియముగారు, లూయిస్ బర్జిగారు తండ్రి చేసిన సేవనే తామును చేపట్టిరి.

1908 మార్చి 2న, తమ 72వ యేట, దొరగారు మదనపల్లెలోనే ప్రభువునందు నిద్రించిరి. సంఘముల ఐక్యత కొరకు పాటుపడినవారిలో వారును ఒకరు. దక్షిణ ఇండియా ఐక్య సంఘము అదే సంవత్సరము జూలైలో ఏర్పడెను. దానిని వారు కన్నులార చూడలేదు. తరువాత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు, వారు విత్తిన పొలములో మరియొక తరము పంట చూచెను.

ఇచ్చట పితరుడైన యాకోబు మరణమును జ్ఞాపకము చేసికొందము. అతడు ఐగుప్తులో 17 ఏండ్లు సుఖముగా నుండెను. కుమారుడు ఆ దేశమంతటికి అధికారి. అయినను 147 ఏండ్ల వయస్సున మరణశయ్య మీద, తన్ను ఐగుప్తులో పాతిపెట్టక మక్పేలా గుహకు మోసికొనిపొమ్మని ఆజ్ఞాపించెను. యోసేపు కూడ తన యెముకలను కనానుకు తీసికొనిపోవలెనని ప్రమాణము చేయించుకొనెను; అనేక తరముల తరువాత అవి షెకెములో పాతిపెట్టబడెను. సమాధికి ఏదో మహిమయున్నదని వారట్లు కోరలేదు. దేవుని వాగ్దానము ఏ దేశము వైపున్నదో ఆ వైపునకే తమ దేహములును చూపవలెనని కోరిరి.

ఆ యాకోబు పరదేశమునుండి మోయబడి పోయెను. మన యాకోబు దొరగారు పరదేశములోనే తమ పరుగు ముగించిరి. ఈ రెండును వేరువేరుగా కనబడినను విశ్వాసమొక్కటే. పుట్టిన ఊరు కాదు, దేవుడు పిలిచిన చోటే తమదని ఇరువురును ఒప్పుకొనిరి. వారు వెదకినది పరలోక సంబంధమైన శ్రేష్ఠమైన దేశమును.

ప్రియులారా, ఇప్పుడు మన యిండ్ల సంగతి ఆలోచింతము. మన గ్రామములలో తండ్రి పోయినప్పుడు సమాధి పూడ్చిన మట్టి ఆరకమునుపే గెట్టు తగాదా మొదలగుట మనమెరుగుదుము. అన్నదమ్ములు ఒక్క గుడిలో కూర్చుండి ఒకరి ముఖమొకరు చూడరు. అబ్రాహామును పాతిపెట్టుటకు ఇస్సాకుతో, వెళ్లగొట్టబడిన ఇష్మాయేలు కూడ వచ్చెను. ఇస్సాకును పాతిపెట్టుటకు ఏశావు యాకోబులు ఇరువురును కలిసి వచ్చిరి. ఒకప్పుడు ఒకనిని చంపెదనని మరియొకడు పగపట్టిన అన్నదమ్ములు వారు! కలహించిన కుమారులు తండ్రి సమాధియొద్ద ప్రక్కప్రక్కను నిలుచుట వేదములో రెండుమారులు వ్రాయబడినది మన కొరకు గాక మరెవరి కొరకు?

నవంబరు మాసములో మనము సమాధులకు సున్నము కొట్టి, పూలుంచి, క్రొవ్వొత్తులు వెలిగించుచున్నాము. అది మంచిదే. సమాధి స్థలము చిక్కుట నేటికిని కష్టముగానున్న గ్రామములు కలవు గనుక, అబ్రాహామువలె దానిని న్యాయముగా సంపాదించి, పత్రములతో భద్రపరచుట సంఘ పెద్దల పని. అయితే ఆ సమాధులలో నున్నవారు ఏ వాక్యమును నమ్మి నిద్రించిరో, ఆ వాక్యపు గ్రంథము మన యింట అటకమీద దుమ్ముపట్టియుండినయెడల, సున్నము కొట్టిన సమాధి మనకు సాక్షిగా కాక తీర్పుగా నుండును. చేంబర్లేన్ దొరగారు ఇరువదియొక్క సంవత్సరములు కూర్చుండి పాటుపడిన తెలుగు వేదమును మన పిల్లలు చదువలేకపోయినయెడల, ఆ స్వాస్థ్యము ఎవరి పాలగును? బెంగుళూరుకో చెన్నపట్టణమునకో పనికిపోవు బిడ్డకు మనము ఏమి మూటగట్టి పంపుచున్నాము?

యాకోబు మంచముమీద కూర్చుండి, పండ్రెండుగురు కుమారులను పేరుపేరున పిలిచి మాటలాడెను. పెద్దలారా, మీరును ఈ నెలలో ఒక సాయంకాలము బిడ్డలను మనుమలను కూర్చుండబెట్టుకొని ఆదికాండము 23, 50 అధ్యాయములను బిగ్గరగా చదివించుడి. మీ ఊరికి సువార్త ఎవరి ద్వారా వచ్చెనో, మీ యింట మొదట బాప్తిస్మము పొందినవారెవరో వారికి తెలియజెప్పుడి. అన్నదమ్ములతో పగ యున్నయెడల, మరియొక సమాధి త్రవ్వబడువరకు ఆగక, ఇప్పుడే పోయి సమాధానపడుడి. పితరుల దేవుడు మనలను, మన బిడ్డలను తన వాగ్దానములో స్థిరపరచును గాక. ఆమేన్.