సామాన్య పాఠశాల పితామహుడు హోరేస్ మాన్

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఒక చిన్న గ్రామం 1778లో తనకు బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు పెట్టుకొన్నది. ఆ మహాపురుషుడు తమ చర్చికి ఒక గంటను కానుకగా పంపుతాడని గ్రామస్థులు ఆశపడినారు. ఫ్రాంక్లిన్ గంట పంపలేదు. నూరుకు పైగా గ్రంథాలు పంపినాడు. వాటిని ఊరివారు ఉచితంగా తీసికొని చదువుకొనవచ్చునని 1790లో గ్రామసభ తీర్మానించినది. 1796 మే 4వ తేదీన ఆ గ్రామంలో ఒక సామాన్య రైతు ఇంట పుట్టిన బాలునికి ఆ గ్రంథాలే అసలైన గురువులైనవి. అమెరికాలో ప్రభుత్వ పాఠశాలల చరిత్ర ఎవరు వ్రాసినా ముందుగా స్మరింపవలసిన హోరేస్ మాన్ ఆ బాలుడే.

అతనికి బడి అన్నది ఏడాదికి ఎనిమిది, పది వారాల ముచ్చట మాత్రమే. మిగిలిన కాలమంతా పొలం పని. ఇంట ఉన్నప్పుడు టోపీల తయారీకై గడ్డిపోచలు జడలుగా అల్లి నాలుగు డబ్బులు సంపాదించడం. పదమూడవ ఏట, 1809లో, తండ్రి పోయినాడు. మరుసటి సంవత్సరం అన్న స్టీఫెన్ నీట మునిగి మరణించినాడు. ఆ రోజు ఆదివారం. చర్చికి పోవలసిన దినాన ఈతకు పోయినవాని ఆత్మకు ఏ గతి పట్టునో, ఊరి మతగురువు అంత్యక్రియల ప్రసంగంలోనే సూచించినాడు. పుత్రశోకంలో ఉన్న తల్లి ఆ మాటలకు మూలిగిన మూలుగు హోరేస్ చెవులలో జీవితాంతం నిలిచిపోయినది. కఠినమైన ఆ మత బోధకు అతని మనస్సు ఆనాడే దూరమైనది. తరువాతి కాలంలో, ఏ ఒక్క శాఖ బోధనలూ బడిలో చేరరాదని ఆయన పట్టిన పట్టుకు మూలం ఇక్కడే ఉన్నదనుకొంటే తప్పుగాదు.

ఇరవై ఏండ్లు వచ్చేదాక అతనికి కళాశాల ఊసే లేదు. అప్పుడు ఒక దేశసంచారియైన పంతులు ఆ ఊరికి వచ్చినాడు. అతని వద్ద ఆరునెలలు లాటిను, గ్రీకు భాషలు అభ్యసించి, 1816లో బ్రౌన్ విశ్వవిద్యాలయంలో నేరుగా రెండవ సంవత్సరపు తరగతిలో చేరినాడు. 1819లో తన తరగతిలో ప్రథముడుగా వెలువడినాడు. ఆరునెలల ఆ కఠోర పరిశ్రమ ఆయన ఆరోగ్యాన్ని మాత్రం శాశ్వతంగా దెబ్బతీసినది. ఆపైన న్యాయశాస్త్రం, 1823లో వకీలు వృత్తి, 1827లో రాష్ట్ర శాసనసభా సభ్యత్వం ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. జైళ్ళలో పడి మ్రగ్గుతున్న మతిచలించినవారి కొరకు వూస్టర్‌లో ప్రభుత్వ వైద్యశాల నెలకొల్పించినది ఆయనే. 1830లో, తాను చదివిన విశ్వవిద్యాలయపు మాజీ అధ్యక్షుని కుమార్తె షార్లట్‌ను వివాహమాడినాడు. రెండేండ్లు తిరుగకుండానే ఆమె కన్నుమూసినది. ఆ దుఃఖంతో ఆయన తల నెరిసిపోయినది. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియారు.

1836 నాటికి రాష్ట్ర సెనేటు అధ్యక్షుడైనాడు. గవర్నరు పదవికి ఎంతో దూరం లేదు. అటువంటి సమయంలో, 1837లో, రాష్ట్రంలో కొత్తగా ఏర్పడిన విద్యామండలికి కార్యదర్శిగా రమ్మని ఎడ్మండ్ డ్వైట్ అనే మిల్లు యజమాని ఆయనను కోరినాడు. జీతం ఏడాదికి 1,500 డాలర్లు. అధికారం శూన్యం. ఒక్క బడిని తెరిపించడానికిగాని, ఒక్క పంతులును నియమించడానికిగాని కార్యదర్శికి హక్కు లేదు; సమాచారం సేకరించి ప్రజలకు తెలియజెప్పడమే అతని పని. మిత్రులు ఆశ్చర్యపోయినారు. మాన్ అంగీకరించినాడు.

ఆనాటి బడుల స్థితి కొంత తెలిసికొంటే తప్ప ఈ త్యాగం ఎంతటిదో బోధపడదు. ఏబది కుటుంబాలున్న ప్రతి ఊరూ ఒక ఉపాధ్యాయుని పెట్టుకొనవలెనని 1647లోనే మసాచుసెట్స్‌లో శాసనం వచ్చినది. కాని కాలక్రమాన బడి పెత్తనం ఊరి చేతినుండి పేటల చేతికి జారిపోయినది. పేటపేటకు ఒక కమిటీ, ఒక బడి, ఒక పిసినారితనం! ఎవరికీ పనికిరాని నేలచెక్కలో, బాట ప్రక్కన, ఒంటిగది కొట్టం. ఆనుకొనడానికి వీపుపలక లేని బల్లలు. చలికాలంలో గడ్డకట్టే మూలలు. ఎవరింట ఏ పుస్తకముంటే పిల్లవాడు అదే తెచ్చుకొనేవాడు గనుక ఒక తరగతిలో నలుగురికి నాలుగు వాచకాలు. మరొక పని దొరకని కుర్రవాడు చలికాలపు పంతులు. అతనికిచ్చే దానిలో సగమైనా పుచ్చుకొనని యువతి వేసవి పంతులమ్మ.

దీనికంతకూ కారణం పేదరికమేనా? మాన్ అలా అనుకొనలేదు. కలిగినవారు తమ పిల్లలను రుసుము చెల్లించి ప్రైవేటు అకాడమీలకు పంపుతున్నారు. ఊరిలో మాట చెల్లుబడియయ్యే తండ్రి తన బిడ్డను సామాన్య పాఠశాలనుండి తీసివేసిన దినాన, ఆ పాఠశాల మంచిచెడ్డలతో అతనికి సంబంధం తెగిపోతున్నది. గ్రామసభలో పన్ను ప్రస్తావన వచ్చినప్పుడు అతని చేయి లేవదు. బడి మరికొంత చెడుతున్నది. దానిని చూచి మరికొందరు తమ పిల్లలను తీసివేస్తున్నారు. ఈ విషవలయాన్ని అంత స్పష్టంగా పట్టుకొన్నవారు ఆయనకు ముందు అరుదు. దీనికి విరుగుడు ఒక్కటే: పేదవానికి కూడ చాలునన్నట్టుగా గాక, ధనికుడు సైతం తన బిడ్డను పంపాలని కోరుకొనేటంత మంచిదిగా ఆ బడిని తీర్చిదిద్దడం. 1990లో మిల్వాకీ నగరంలో పేద కుటుంబాల పిల్లలకు ప్రభుత్వ ధనంతో ప్రైవేటు పాఠశాలలలో చదువుకొనే ఏర్పాటు వచ్చినప్పుడు అమెరికాలో చెలరేగిన వాదం సారాంశంలో ఇదే. చెడిన బడిలో బిడ్డను ఉంచి దాని బాగు కొరకు పోరాడవలసినదని ఒక తండ్రికి ఎవరు చెప్పగలరు? ఆ ప్రశ్న మాన్ కాలంలోనూ సులభం కాదు.

ఆయన జిల్లా జిల్లాకు తిరిగి సభలు పెట్టినాడు. కొన్నిచోట్ల జనం వచ్చినారు. కొన్నిచోట్ల ఖాళీ బల్లలే వినినవి. పిట్స్‌ఫీల్డ్‌లో ఉపాధ్యాయుల సమావేశానికి ముందు బడి ఊడ్చేవారు లేకపోగా, సాక్షాత్తు గవర్నరు బ్రిగ్స్, మాన్ చెరొక చీపురు పట్టి గది శుభ్రం చేసినారని చెబుతారు. సంతానం లేని రైతు, నా కెందుకీ పన్ను అన్నాడు. అకాడమీకి రుసుము కట్టే వర్తకుడు, రెండుసార్లు ఎందుకు చెల్లించాలి అన్నాడు. కూలివాడు, పిల్లవాని కూలి పోతే ఇల్లు గడిచేదెట్లా అన్నాడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క సమాధానం వెదకవలసి వచ్చినది. ఆస్తి ఏ తరానికీ సంపూర్ణ స్వంతం కాదని, ముందు తరాలవారు కూర్చినదానిని రాబోయే తరానికి అప్పగించవలసిన ధర్మకర్తలమే మనమని 1846 నాటి నివేదికలో రైతుకు నచ్చజెప్పినాడు. మిల్లు యజమానుల నుండి సమాచారం తెప్పించి, చదువుకొన్న పనివాడు చదువురానివానికంటె ఎక్కువ ఉత్పత్తి చేస్తాడని 1841 నివేదికలో నిరూపించబూనినాడు. లాభం లెక్క చదువు ప్రయోజనాలలో కడపటిదని ఆయనే ఒప్పుకొన్నాడు. అయినా అది వినే చెవులే ఎక్కువ. కూలివానికి మాత్రం సరియైన సమాధానం ఆయన వద్ద లేకపోయినది. 8 మొదలు 14 ఏండ్లలోపు పిల్లలు ఏటా 12 వారాలు బడికి పోవలెనన్న నిర్బంధ శాసనం ఆయన పదవి వీడిన తరువాత 1852లో గాని రాలేదు.

మంచి పంతులు లేనిదే మంచి బడి లేదు. ఉపాధ్యాయ శిక్షణ కొరకు డ్వైట్ 10,000 డాలర్లు ఇవ్వగా, 1838లో ప్రభుత్వం అంతే మొత్తం జతచేసినది. 1839 జులై 3న లెక్సింగ్టన్‌లో మొదటి శిక్షణ పాఠశాల తెరచినారు. ఆ రోజు వచ్చిన విద్యార్థినులు ముగ్గురు! మరుసటి ఏడు శాసనసభలో విద్యామండలినే రద్దు చేయవలెనని ప్రతిపాదన వచ్చినది. ఖర్చు దండుగ అన్నది ఒక వాదం. ఊరి బడిపై రాజధాని పెత్తనమేమిటన్నది మరొక వాదం. రెండవది తేలికగా కొట్టివేయదగినది కాదు. ఓట్లు తీసినప్పుడు 182కు 245తో ప్రతిపాదన వీగిపోయినది.

1843లో మేరీ పీబాడీని వివాహమాడి, దంపతులిద్దరూ యూరపుకు ప్రయాణమైనారు. నవదంపతులు చూచినవి కొండలూ కోటలూ కన్న బడులే ఎక్కువ! ప్రష్యాలో ఉపాధ్యాయుడు చేత పుస్తకం లేకుండా, పిల్లల మధ్య నిలిచి పాఠం చెప్పడం, బెత్తం ఆడకుండానే తరగతి నడవడం ఆయనను ముగ్ధుని చేసినవి. ప్రష్యా రాజు ఆ బడులద్వారా విధేయులైన ప్రజలనే కోరుకొంటున్నాడన్న సంగతి ఆయనకు తెలియకపోలేదు. అదే పద్ధతి స్వతంత్రులను తయారుచేయడానికి ఎందుకు పనికిరాదని ఆయన వాదం. ఏడవ నివేదికలో ఇవన్నీ వ్రాయగానే బోస్టన్ నగర ఉపాధ్యాయులు 31 మంది మండిపడినారు. తమ బెత్తాన్ని సమర్థించుకొంటూ 144 పుటల ఖండన అచ్చువేసినారు. మాన్ 176 పుటల ప్రత్యుత్తరం వ్రాసినాడు. తగవు అంతటితో ఆగలేదు. 1845లో ఆయన మిత్రుడు శామ్యూల్ హోవ్ మొదలైనవారు బోస్టన్ బడులన్నింటికీ ఒకే ప్రశ్నపత్రం అచ్చువేయించి, పిల్లలచేత జవాబులు వ్రాయించినారు. అదివరకు నోటిపరీక్షలే రివాజు. ఫలితాలు పంతుళ్ళకు తలవంపులైనవి. నేటి విద్యార్థి తన వ్రాతపరీక్షల తిట్లలో కొన్నింటిని ఈ పెద్దమనుషుల పద్దున వేయవచ్చును.

సామాన్య పాఠశాల నిజంగా అందరిదీ అయినదా? ఇక్కడ చరిత్రకారుడు మాన్‌ను కొంత నిలదీయక తప్పదు. బడిలో బైబిలు చదువవలెను, వ్యాఖ్యానం మాత్రం కూడదు అన్నది ఆయన రాజీ సూత్రం. ఛాందస ప్రొటెస్టెంట్లు ఇది నాస్తికత్వమన్నారు. ఐర్లండు కరవుకు తాళలేక బోస్టన్ చేరిన కాథలిక్కులకు అందులో వినబడినది ప్రొటెస్టెంటు బైబిలు. మాన్ చనిపోయిన ఏడే, 1859 మార్చిలో, ప్రొటెస్టెంటు పాఠం వల్లించనన్న ఒక కాథలిక్ బాలుని బోస్టన్ బడిలో చేతులు వాచేటట్టు కొట్టినారు. తమ పిల్లలకు తమ బడులే కావలెనని ఆ తల్లిదండ్రులు తలచడంలో వింతయేమున్నది?

ఇంతకన్న పెద్ద మచ్చ మరొకటి. బోస్టన్‌లో నల్లజాతి పిల్లలకు వేరు బడులుండేవి. వాటిని ఎత్తివేయవలెనని తల్లిదండ్రులు ఎన్నో విన్నపాలు సమర్పించుకొన్నారు. మాన్ బానిసత్వాన్ని అసహ్యించుకొన్నవాడే. అయినా విద్యామండలికి ఉన్న శత్రువులు చాలుననుకొన్నాడేమో, కార్యదర్శిగా ఆ విషయాన నోరు మెదపలేదు. అందుకు వెండెల్ ఫిలిప్స్ ఆయనను బహిరంగంగా దుయ్యబట్టినాడు. బెంజమిన్ రాబర్ట్స్ అనే నల్లజాతి ముద్రాపకుని చిన్నకూతురు సారా, తన బడికి చేరడానికి తెల్లపిల్లల బడులు అయిదింటిని దాటిపోవలసి వచ్చేది. తండ్రి న్యాయస్థానానికెక్కినాడు. చార్లెస్ సమ్నర్, రాబర్ట్ మారిస్ వాదించినా 1850లో అభియోగం వీగిపోయినది. కాని రాబర్ట్స్ వదలలేదు. ఆయన, ఆయనవంటి తల్లిదండ్రులు చేసిన ఆందోళన ఫలించి 1855లో శాసనసభ వేరు బడులను నిషేధించినది. సామాన్య పాఠశాల అన్న పేరును ఆ తండ్రి మాన్ కన్న గట్టిగా నమ్మినాడనవచ్చును.

పన్నెండేండ్లలో మాన్ సాధించినది సామాన్యం కాదు. పాఠశాలలపై ప్రభుత్వ వ్యయం రెట్టింపు దాటినది. ఏబది వరకు ఉన్నత పాఠశాలలు వెలసినవి. ఉపాధ్యాయుల జీతాలు సగానికి పైగా పెరిగినవి. 1847లో ఆయనను దర్శించిన అర్జెంటీనా మేధావి సార్మియెంటో, ఆ తరువాత తన దేశాధ్యక్షుడై అక్కడ బడుల నిర్మాణానికి పూనుకొన్నాడు. పుట్టుకతో వచ్చే హెచ్చుతగ్గులను సరిచేయగల యంత్రం చదువేనని 1848 నాటి పన్నెండవ నివేదికలో చెప్పి మాన్ సెలవు తీసికొన్నాడు. జాన్ క్విన్సీ ఆడమ్స్ మరణంతో ఖాళీయైన కాంగ్రెసు స్థానం ఆ ఏడే ఆయనకు దక్కినది. కార్యదర్శిగా మౌనం వహించినవాడు అక్కడ బానిసత్వంపై నిప్పులు కురిపించినాడు; బానిసలను ఓడలో తప్పించబోయి పట్టుబడిన నావికుల పక్షాన న్యాయస్థానంలో వాదించినాడు.

1852లో గవర్నరు పదవికి పోటీచేసి ఓడిపోయినాడు. ఒహాయోలో కొత్తగా పెట్టబోయే ఆంటియోక్ కళాశాలకు అధ్యక్షుడుగా ఎన్నికయైనదీ ఆ సంవత్సరమే. 1853లో తెరచిన ఆ కళాశాలలో స్త్రీపురుషులు ఒకే పాఠాలు చదివినారు. నల్లజాతివారికి ప్రవేశం లభించినది. ఆచార్యులలో ఒక స్త్రీకి పురుషులతో సమానమైన హోదా, జీతం ఇచ్చినారు. కాని ఖజానాలో పైకం లేదు. 1859లో కళాశాల అప్పులక్రింద వేలానికి వచ్చినది. మిత్రులు కూడబలుక్కొని కొన్నారు. ఆ వేసవిలో పట్టభద్రులకు చివరి ప్రసంగం చేసి, ఆగస్టు 2వ తేదీన మాన్ కన్నుమూసినాడు. తరువాత ఆయన అస్థికలను ప్రావిడెన్స్ నగరానికి తరలించి, ఇరవయ్యేడేండ్ల క్రిందట పోయిన షార్లట్ సమాధి ప్రక్కన ఉంచినారు.

1865లో బోస్టన్ శాసనసభా భవనం ముందు ఆయన కంచువిగ్రహం నిలిపినారు. దానిని మలచిన శిల్పి ఎమ్మా స్టెబిన్స్ అనే మహిళ. ఆ విగ్రహానికి ఉపాధ్యాయులు, బడిపిల్లలు కూడ చందాలిచ్చినారు.