వాడల మధ్య గోడ: మార్టిన్ లూథర్ కింగ్ జీవితం నుంచి

 

పట్నంలో అద్దె ఇంటికోసం తిరిగినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. గోడమీద టు-లెట్ బోర్డు ఉంటుంది. ఇల్లుగలాయన నవ్వుతూనే మాట్లాడతాడు. ముందు ఊరు అడుగుతాడు, తర్వాత ఇంటిపేరు అడుగుతాడు. అప్పటికీ తేలకపోతే మీరేమిట్లు అని సూటిగానే అడిగేస్తాడు. ఆ తర్వాత ఇల్లు నిన్ననే ఎవరికో ఇచ్చేశామని తెలుస్తుంది. కొలంబియా విశ్వవిద్యాలయంలో, లండన్‌లో చదువుకొని వచ్చిన బాబాసాహెబ్‌కే 1917లో బరోడాలో తల దాచుకోను గది దొరకలేదు. పార్సీల సత్రంలోంచి కర్రలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టారు. ఇది మనకు తెలిసిన కథే.

ఈ గోడ మన ఒక్క దేశంలోనే లేదు. అమెరికాలో దాన్ని బద్దలు కొట్టబోయి దెబ్బ తిన్న ఒకాయన జీవితం ఈ నెల చెప్పుకుందాం. మార్టిన్ లూథర్ కింగ్ పేరు మీరు వినే ఉంటారు. బస్సుల ఉద్యమం, వాషింగ్టన్ సభ, నోబెల్ బహుమతి, ఇవన్నీ అందరూ చెప్తారు. ఆయన చికాగోలో కాపురం పెట్టిన సంగతి మాత్రం తక్కువమంది చెప్తారు. మనకు కావలసింది అదే.

కింగ్ 1929 జనవరి 15న జార్జియా రాష్ట్రం అట్లాంటాలో పుట్టారు. తండ్రి చర్చి పాస్టరు. ఇంటికి ఎదురుగా ఒక తెల్లాయన కొట్టు ఉండేది. ఆయన కొడుకూ ఈయనా ఒక ఈడువాళ్లు. మూడేళ్ల వయసు నుంచి కలిసి ఆడుకున్నారు. ఆరేళ్లు వచ్చేసరికి బడి మొదలైంది. అక్కడి చట్టం ప్రకారం తెల్లపిల్లలకు ఒక బడి, నల్లపిల్లలకు ఇంకో బడి. కొన్నాళ్లకే ఆ పిల్లవాడు వచ్చి, ఇక నీతో ఆడొద్దని మా నాన్న చెప్పాడన్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మానాన్నలు పిల్లవాడికి బానిసత్వం దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా వివరించాల్సి వచ్చింది. అది విన్నాక చాలా ఏళ్లు తెల్లవాళ్లందరి మీదా ద్వేషం పెంచుకున్నానని ఆయనే తర్వాత రాసుకున్నారు.

ఇక్కడ కాసేపు ఆగండి. ఆ ఇద్దరు పిల్లల మధ్య మూడేళ్లపాటు ఏ అపనమ్మకమూ లేదు. ముందు వచ్చింది బడి గోడ, దాని వెనకాల వచ్చింది అనుమానం. మనవాళ్లు చాలామంది దీన్ని తిరగేసి చెప్తారు. మనుషులకు ఒకరంటే ఒకరికి పడదు కాబట్టి వేరువేరుగా ఉంటున్నారంటారు. భగవాన్ బుద్ధుడు చెప్పిన పటిచ్చ సముప్పాదం ప్రకారం అయితే, ఇది ఉంటేనే అది ఉంటుంది, ఇది పోతే అది పోతుంది. అపనమ్మకం కూడా ఆకాశంలోంచి ఊడిపడదు. దానికీ హేతువులుంటాయి. చికాగోలో కింగ్‌కు ఎదురైనవి ఆ హేతువులే.

మధ్యలో సంగతులు గబగబా చెప్పేస్తాను. 1955 డిసెంబరులో మాంట్‌గోమరీలో రోజా పార్క్స్ బస్సులో సీటు వదలనందుకు అరెస్టయ్యారు. 26 ఏళ్ల పాస్టరు కింగ్ ఆ ఉద్యమానికి నాయకుడయ్యారు. ఆయన ఇంటిమీద బాంబు వేశారు. 381 రోజులు నడిచి, 1956 డిసెంబరులో గెలిచారు. నాగపూర్‌లో మన దీక్ష జరిగిందీ, బాబాసాహెబ్ పరినిర్వాణం పొందిందీ ఆ ఏడాదే. 1959లో కింగ్ మన దేశం వచ్చారు. గాంధీ స్మారక నిధి వాళ్లు తిప్పారు కాబట్టి ఆ వైపు కథే ఎక్కువ విన్నారు. అంటరానివాళ్ల విషయంలో గాంధీ గురించి ఆయన అన్న మాటలు మనం ఒప్పుకోలేం, ఒప్పుకోనక్కరలేదు కూడా. కానీ ఆ ప్రయాణంలో కేరళలో ఒక దళిత పిల్లల బడికి వెళ్తే, హెడ్‌మాస్టరు ఆయన్ని అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడుగా పరిచయం చేశారట. మొదట ఆయనకు కష్టమనిపించింది. కాసేపు ఆలోచించి, నిజమే, మేమూ అంటరానివాళ్లమే అనుకున్నారు. ఈ సంగతి 1965లో తన చర్చిలో చెప్పారు.

అప్పటికి దక్షిణాది రాష్ట్రాల్లో బస్సు, హోటలు, ఓటు అన్నీ గెలిచారు. 1964, 1965 చట్టాలు వచ్చాయి. మరి ఉత్తరాదిలో? అక్కడ నల్లవాళ్లు రావద్దన్న బోర్డులు లేవు. ఓటు ఎప్పుడో ఉంది. అయినా నల్లవాళ్ల పేటలు వేరు, తెల్లవాళ్ల పేటలు వేరు. 1966 జనవరిలో కింగ్ చికాగో వెళ్లి, లాన్‌డేల్ అనే నల్లవాళ్ల పేటలో, హామ్లిన్ అవెన్యూలో పాత బంగళా మూడో అంతస్తులో అద్దెకు దిగారు. ఆయన వస్తున్నాడని తెలిసి ఇంటి యజమాని హడావుడిగా సున్నాలూ మరమ్మతులూ చేయించాడు. అయినా కింది తలుపుకి తాళం లేదు, మెట్లమీద మూత్రం కంపు. అద్దె నెలకు 90 డాలర్లకు అటూ ఇటూ. తెల్లవాళ్ల పేటల్లో ఇంతకంటే పెద్ద ఇల్లు, కొత్త ఇల్లు, ఇంతకంటే తక్కువకే దొరుకుతుందని ఆయన లెక్క తీశారు. చదువుకున్న, పద్ధతిగా పెరిగిన తన సొంత పిల్లలు కూడా ఆ ఇరుకులో కొద్ది రోజులకే చిరాకుపడి, తమలో తాము కొట్టుకోవడం చూశారు. ఆడుకోను చోటే లేదక్కడ. పాస్టరు పిల్లలే అలా మారితే, అక్కడే పుట్టి పెరిగిన పిల్లల సంగతి ఏమనుకోవాలి?

ఆ పేట అలా ఎందుకైంది? ఇది కొంచెం ఓపిగ్గా చదవండి. దక్షిణాది పొలాల నుంచి లక్షలాది నల్లవాళ్లు పనులకోసం చికాగో వచ్చినప్పుడు, నల్లవాళ్లకు అమ్మం, అద్దెకివ్వం అని తెల్ల యజమానులు ఇళ్ల దస్తావేజుల్లోనే షరతు రాసుకున్నారు. ఆ షరతుల్ని కోర్టులు అమలు చేయరాదని సుప్రీం కోర్టు 1948లో గానీ చెప్పలేదు. ఈలోపు 1930ల్లో ప్రభుత్వమే నగరాలకు పటాలు గీసి, నల్లవాళ్లుండే పేటలకు ఎర్రరంగు వేయించింది. ఎర్రరంగు అంటే అక్కడ అప్పు ఇవ్వొద్దని. 1934లో పెట్టిన ఇళ్ల రుణాల సంస్థ తెల్లవాళ్ల కొత్త కాలనీలకు పూచీ పడింది, నల్లవాళ్ల పేటలకు పడలేదు. తెల్ల కార్మికుడు తక్కువ వడ్డీకి ఇల్లు కొన్నాడు. నల్ల కార్మికుడికి బ్యాంకు తలుపు మూసేసింది. ఇక మిగిలింది వాయిదాల బేరం. ఇంటి అసలు ధరకు రెట్టింపు రాయించుకుంటారు. ఆఖరి వాయిదా కట్టేదాకా ఇల్లు మీ పేరున కాదు. ఒక్క వాయిదా తప్పినా ఇల్లూ పోతుంది, కట్టిన డబ్బూ పోతుంది. ఆ వాయిదాలు కట్టడానికి మొగుడూ పెళ్లాం ఇద్దరూ రెండేసి పనులు చేస్తారు. ఇంటిని అరలు అరలుగా చీల్చి అద్దెకిస్తారు. గోడ బీటలు వారితే బాగుచేయించుకోను డబ్బు ఉండదు. అప్పుడు వీధి అవతల తెల్లాయన తన పిల్లలకు చూపించి, చూశారా, వాళ్లొస్తే పేట ఇలా అవుతుంది అంటాడు. కళ్లతో చూసిన రుజువు కదా మరి!

దీని మీద వ్యాపారం చేసినవాళ్లూ ఉన్నారు. ఇళ్ల బ్రోకరు తెల్లవాళ్ల వీధిలో ఒక్క నల్ల కుటుంబానికి ఇల్లు ఇప్పిస్తాడు. ఇక మీ ఇంటి విలువ పడిపోతుందని మిగతావాళ్లకు బెదురు పెడతాడు. వాళ్లు భయపడి చవగ్గా అమ్ముకుంటే, అవే ఇళ్లను నల్లవాళ్లకు ఎక్కువ ధరకు కట్టబెడతాడు. ఇటు మోసపోయినవాడు తెల్లవాళ్లను నమ్మడు. అటు నష్టపోయినవాడు నల్లవాళ్లను తిడతాడు. లాభం తీసుకున్నవాడి పేరు ఎవరి నోటా రాదు.

1966 ఆగస్టు 5న కింగ్, ఇళ్ల అమ్మకాల్లో వివక్ష పోవాలని, మార్కెట్ పార్కు పేటలోకి ఊరేగింపు తీశారు. వేలమంది తెల్లవాళ్లు గుమిగూడి రాళ్లు, సీసాలు విసిరారు. ఒక రాయి తలకు తగిలి ఆయన మోకాలిమీద కూలబడ్డారు. లేచి మళ్లీ నడిచారు. అలబామాలో, మిసిసిపీలో కూడా ఇంత ద్వేషం చూడలేదని ఆ రోజు విలేకరులకు చెప్పారు. ఆ రాళ్లు వేసినవాళ్లెవరు? చాలామంది లిథువేనియా, పోలండ్, ఐర్లండ్, ఇటలీ నుంచి వలస వచ్చిన కూలీల పిల్లలు. ఒకప్పుడు వాళ్లనూ చిన్నచూపు చూశారు. కష్టపడి ఒక మెట్టు ఎక్కారు. ఆ ఇల్లు తప్ప వాళ్లకు వేరే ఆస్తి లేదు. కింది మెట్టువాడు పైకొస్తే తామెక్కడ జారిపోతామోనని బెదిరారు. బాబాసాహెబ్ చెప్పిన అంచెలంచెల అసమానత ఇదే. నిష్ఠూరంగా ఉన్నా ఒక మాట అడుగుతాను. మన ఊళ్లలో మాలపల్లికీ మాదిగగూడేనికీ మధ్య సందును ఎవరు కాపలా కాస్తున్నారు? పైవాళ్లు ఒక్కరేనా? ఒకే త్రిశరణం చెప్పుకొని కూడా ఒక వాడ విహారానికి ఇంకో వాడ వాళ్లు వెళ్లని చోట్లు లేవా?

ఆ ఆగస్టు 26న మేయర్ డేలీతో, బ్యాంకులవాళ్లతో, ఇళ్ల వ్యాపారులతో ఒక ఒప్పందం కుదిరింది. అందరికీ సమానంగా ఇళ్లు చూపిస్తామని, అప్పులిస్తామని రాశారు. ఎప్పటికల్లా అని రాయలేదు. స్థానిక కార్యకర్తలు చాలామంది అసంతృప్తి చెందారు. వాళ్ల కోపంలో న్యాయముందనే నేననుకుంటాను. గడువు లేని మాట ఎంత విలువైనదో మనకు రాజ్యాంగం వచ్చాక బాగా తెలిసింది.

వియత్నాం భిక్షువు థిచ్ నాట్ హాన్ ఆ ఏడాదే చికాగోలో కింగ్‌ను కలిశారు. మన శత్రువు మనిషి కాదని, మనిషి గుండెల్లో ఉన్న ద్వేషమూ, అసహనమూ, వివక్షా అని అంతకుముందే ఆయనకు ఉత్తరం రాశారు. రాయి తగిలిన మనిషి ఆ మాట నిలబెట్టుకున్నారు. 1967లో ఆ భిక్షువు పేరు నోబెల్ శాంతి బహుమతికి సూచించారు.

1968లో మెంఫిస్ నగరంలో చెత్తబండి యంత్రంలో పడి ఇద్దరు నల్లజాతి పారిశుధ్య కార్మికులు నలిగి చనిపోయారు. సుమారు 1300 మంది సమ్మెకు దిగితే కింగ్ వాళ్ల పక్కన నిలబడడానికి వెళ్లారు. ఏప్రిల్ 4న అక్కడే ఆయన్ని కాల్చి చంపారు. వయసు 39 ఏళ్లు. రెండేళ్లుగా సాగకుండా ఉన్న ఇళ్ల వివక్ష నిషేధ చట్టం మీద ఏప్రిల్ 11న, అంటే వారానికే, అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టారు.

చట్టమైతే వచ్చింది. వివక్ష చూపినవాళ్ల మీద గట్టి చర్య తీసుకునే అధికారం ప్రభుత్వ శాఖకు 1988 సవరణ దాకా లేదు. ముప్పై ఏళ్లపాటు తెల్లవాళ్లకు పూచీ అప్పులతో పెరిగిన ఆస్తిని ఎవరూ లెక్కకట్టి సరిచేయలేదు. కింగ్‌ మీద రాయి పడిన మార్కెట్ పార్కు పేటలోంచి తర్వాత ఇరవై ముప్పై ఏళ్లలో తెల్లవాళ్లు చాలావరకు ఇళ్లు అమ్ముకొని వెళ్లిపోయారు. ఇప్పుడక్కడ ఎక్కువగా ఉండేది నల్లవాళ్లు, లాటిన్ అమెరికా నుంచి వచ్చినవాళ్లు. గీత చెరిగిపోలేదు, కొన్ని మైళ్లు జరిగింది. 2016లో, ఆ ఊరేగింపు జరిగి యాభై ఏళ్లయిన రోజున, ఆ పార్కులో కింగ్‌కు స్మారకం కట్టారు.