రాజ్యం వదిలి ఎండుపుల్లతో నడిచొచ్చిన బాబయ్య
పెనుకొండ హజ్రత్ బాబా ఫఖ్రుద్దీన్ (రహ్మతుల్లాహి అలైహ్) జీవితం

విడపనకల్లు: కర్ణాటక సరిహద్దు పక్కన ఉన్న మన విడపనకల్లు చుట్టుపక్కల ఊళ్లల్లో వానను నమ్ముకొని బతకడం అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ఏడాది మొత్తానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. అదీ అన్ని ఏళ్లూ పడదు. పదును వాన పడిందని విత్తనం వేస్తే తర్వాత నెల రోజులు మబ్బు కూడా కనిపించదు. అయినా మళ్లీ ఏడు గొర్రు కట్టాల్సిందే. ఎండిన నేలను నమ్మి విత్తనం వేసే ఇలాంటి రైతుకు పెనుకొండ బాబయ్య కథ బాగా అర్థమవుతుంది. ఎందుకంటే ఆయన జీవితమంతా ఒక ఎండుపుల్ల చుట్టూ తిరిగింది.

మన ఇళ్లల్లో పెద్దవాళ్లు బాబయ్య అని, హిందూ సోదరులు బాబయ్యస్వామి అని పిలుచుకునే ఆ మహనీయుని పేరు హజ్రత్ బాబా ఫఖ్రుద్దీన్. ఆయన దర్గా అనంతపురం నుంచి దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో పెనుకొండలో ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, మనవాళ్లకు మాత్రం అది ఇప్పటికీ మన పెనుకొండే. ఉరుసుకు పోయేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆయన ఎక్కడి నుంచి వచ్చారు, ఏం వదులుకొని వచ్చారు అని పిల్లలు అడిగితే చెప్పగలిగినవాళ్లు తక్కువ. అందుకే ఈ వ్యాసం.

సీస్తాన్ గద్దె

బాబా ఫఖ్రుద్దీన్ పుట్టిన దేశం సీస్తాన్. ఇప్పుడు అది సగం ఇరాన్‌లో, సగం అఫ్ఘానిస్తాన్‌లో ఉంది. అదీ మన సీమలాంటి కరువు నేలే. హెల్మంద్ నది నీళ్లు వస్తే పంట, రాకపోతే దుమ్ము. ఎండాకాలంలో నాలుగు నెలల పాటు ఆగకుండా గాలి వీస్తుంది. ఆ గాలితో తిరగలి రాళ్లు తిప్పే గాలిమరలు సీస్తాన్‌లో ఉన్నాయని 10వ శతాబ్దపు ముస్లిం భూగోళ పండితులు రాశారు. ఉరవకొండ, వజ్రకరూరు వైపు తిరిగే గాలిమరలను రోజూ చూసే మనకు ఆ దేశం అంత కొత్తగా అనిపించదు.

ఆయన అక్కడి రాజు అని సంప్రదాయం చెబుతుంది. మామూలు రాజు కాదు, రోజూ దర్బారులో కూర్చొని ఎవరికి ఏ కష్టం వచ్చినా స్వయంగా విని తీర్పు చెప్పే రాజు. ఇస్లాంలో పాలకుడి కుర్చీ అంటే అల్లాహ్ అప్పగించిన అమానత్. దానికి రేపు లెక్క చెప్పుకోవాలి. ఆ సంగతి ఆయనకు తెలుసు.

ఒకరోజు దర్బారు నడుస్తుండగా ఒక వర్తకుడు గుర్రాలు, ఇంకా రకరకాల సరుకులు తీసుకొని వచ్చాడు. వాటిల్లో ఒక గుర్రం ఎంత అందంగా ఉందంటే, రాజుగారి చూపు దాని మీద నిలిచిపోయింది. దాని ఒళ్లు, దాని నడక, దాని జూలు చూస్తూ ఉండిపోయారు. గంటలు గడిచిపోయాయి. మళ్లీ తెలివి వచ్చి చూసుకుంటే పొద్దు పోయింది. ఫిర్యాదులు పట్టుకొని దూరం నుంచి వచ్చినవాళ్లు అట్లాగే నిలబడి ఉన్నారు.

ఇక్కడ మనం కొంచెం ఆగి ఆలోచించాలి. గుర్రాన్ని చూడటం హరామ్ కాదు. అందమైన వస్తువును మెచ్చుకోవడమూ పాపం కాదు. ఆయన ఎవరి సొమ్మూ తినలేదు, ఎవరినీ కొట్టలేదు. ఇంకొకరైతే రేపు రండి అని పంపించేసి, రాత్రికి హాయిగా నిద్రపోయేవాళ్లు. కానీ ఆ సమయం తనది కాదని, న్యాయం కోసం వచ్చిన పేదవాళ్లదని, వాళ్ల వెనుక దాన్ని అప్పగించిన అల్లాహ్‌దని ఆయనకు అర్థమైంది. ఒక్క గుర్రం తన మనసును ఇంతసేపు కట్టేయగలిగితే, ఇంత పెద్ద రాజ్యం తనను అల్లాహ్ నుంచి ఎంత దూరం చేస్తోందో అని భయం పుట్టింది. ఆ భయమే ఆయనకు పిలుపు.

వదులుకోవడం

ఆయన గద్దె దిగిపోయారు. ఉన్న ఆస్తిని పేదలకు పంచిపెట్టి ఫకీరు బట్టలు కట్టుకున్నారు. ఆయనను చూసి మంత్రులు, సేవకులు కొందరు కూడా అన్నీ వదిలి వెంట నడిచారని చెబుతారు.

ఇట్లాంటి త్యాగం మన చరిత్రలో ఇదొక్కటే కాదు. 8వ శతాబ్దంలో బల్ఖ్ రాజవంశంలో పుట్టిన హజ్రత్ ఇబ్రాహీం బిన్ అద్హమ్ కూడా రాజభోగం వదిలి కష్టం చేసుకొని బతికారు. వాళ్లందరికీ ముందు దారి చూపినవారు ప్రవక్త హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలామ్). అల్లాహ్ ఆజ్ఞ కోసం పుట్టిన ఊరు వదిలారు. నీళ్లు, పంట లేని మక్కా లోయలో భార్యాబిడ్డలను విడిచి వెళ్లారు. చివరికి కన్నకొడుకు విషయంలో కూడా వెనకాడలేదు. ఏటా బక్రీద్‌కు మనం గుర్తు చేసుకునేది ఆ విధేయతనే. ఆ బాటలో చాలా వందల ఏళ్ల తర్వాత నడిచినవారిలో సీస్తాన్ రాజు ఒకరు.

ఆ కాలాన్ని కూడా గుర్తు పెట్టుకోవాలి. 13వ శతాబ్దం మొదట్లో మంగోలు సైన్యాలు ఆ ప్రాంతాల మీద పడి నగరాలకు నగరాలనే నేలమట్టం చేశాయి. 1258లో బగ్దాద్ కూడా పడిపోయింది. గట్టిగా పట్టుకున్నవాళ్ల గద్దెలు కూడా నిలవలేదు. తనంతట తాను వదిలినవారి పేరు మాత్రం, దేశం కాని దేశంలో, తెలుగు పల్లెల్లో ఇంకా వినిపిస్తోంది.

తిరుచ్చిలో గురువు

అట్లా తిరుగుతూ తిరుగుతూ ఆయన బృందం దక్షిణ దేశానికి, తిరుచిరాపల్లికి చేరింది. అక్కడ తబ్ల్-ఎ-ఆలం అని పేరు పొందిన హజ్రత్ నత్తర్ వలీ ఉండేవారు. ఆయన కూడా రాజకుమారుడిగా పుట్టి అన్నీ వదిలి వచ్చినవారేనని అక్కడి సంప్రదాయం. బాబా ఫఖ్రుద్దీన్ ఆయనకు మురీద్ అయ్యారు. ఒకప్పుడు నలుగురికీ ఆజ్ఞలు ఇచ్చిన మనిషి ఇప్పుడు ఇంకొకరి ఆజ్ఞ కోసం చేతులు కట్టుకొని నిలబడ్డారు. డబ్బు వదలడం కంటే ఈ పెద్దరికం వదలడం ఎంత కష్టమో మన ఇళ్లల్లో, మన జమాతుల్లో రోజూ చూస్తూనే ఉన్నాం.

కొంతకాలానికి గురువు ఆయనను పిలిచి ఒక పుల్ల చేతిలో పెట్టారు. అది తాను పళ్లు తోముకున్న మిస్వాక్, మన మాటలో పందుంపుల్ల. ఎండిపోయిన పుల్ల. దీన్ని తీసుకొని పో, ఇది ఎక్కడ చిగురిస్తే అక్కడ పెళ్లి చేసుకొని స్థిరపడు అని ఆదేశించారు.

ఏ ఊరికి పోవాలో చెప్పలేదు. ఎన్ని రోజులు పడుతుందో చెప్పలేదు. ఖర్చులకు డబ్బు, తోడుగా సైన్యం ఏమీ లేవు. నరికి, నమిలి, ఎండిన పుల్ల చిగురించదని చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. బాబా మాత్రం ఎదురు ప్రశ్న వేయలేదు. పుల్లను తీసుకొని బయలుదేరారు.

రాత్రి ఎక్కడ బస చేస్తే అక్కడ దాన్ని నేలలో నాటేవారు. పొద్దున లేచి చూసేవారు. అది ఎండుపుల్లగానే ఉండేది. దాన్ని పీకి, చేతబట్టుకొని ముందుకు నడిచేవారు. మళ్లీ రాత్రి, మళ్లీ నాటడం, మళ్లీ పొద్దున అదే ఎండుపుల్ల. గద్దె దిగడం ఒక్కరోజు పని. మనసు గట్టిగా ఉన్న రోజున ఎవరైనా చేయగలరేమో. ఇట్లా రోజూ నాటి, రోజూ పీకి, మళ్లీ నాటడం మాత్రం వేరే రకం పరీక్ష. మెచ్చుకునేవాళ్లు ఉండరు, ఫలితం కనిపించదు. సబర్ అంటే ఏమిటో ఆ నడకలో ఉంది.

పెనుకొండలో చిగురు

చివరికి వాళ్లు పెనుకొండ చేరారు. అప్పటికి విజయనగర సామ్రాజ్యం పుట్టనే లేదు. ఈ ప్రాంతం హొయ్సళ రాజుల ఏలుబడిలో ఉండేది. ఊళ్లో శివాలయానికి దగ్గరగా ఒకచోట బస చేసి ఎప్పటిలాగే పుల్ల నాటారు. పొద్దున లేచి చూస్తే పుల్ల వేరు పట్టింది, చిగురు వేసింది. అది పెరిగి దానిమ్మ చెట్టు అయిందని పెద్దలు చెప్పుకుంటారు. 1909లో వచ్చిన ఎడ్గర్ థర్‌స్టన్ గ్రంథంలో కూడా దూదేకుల వారి గురించి చెప్పేచోట ఈ కథ ఉంది.

కష్టం అక్కడితో అయిపోలేదు. గుడికి దగ్గరగా ఎవరో ఫకీర్లు మకాం పెట్టారని విని స్థానిక రాజు ఇంకో చోటు చూసుకోమని చెప్పించాడు. ఒకప్పుడు తానే రాజు అయిన మనిషి, ఇప్పుడు ఇంకో రాజు ముందు దిక్కులేని పరదేశి. లేచి పోతే ప్రాణానికి భద్రం. కానీ పుల్ల చిగురించిన చోట ఉండమన్నది గురువు ఆదేశం. ఆయన, ఆయన శిష్యులు కదలలేదు. ఆ తర్వాత ఎన్నో పరీక్షలు జరిగాయని, అన్నింట్లో ఆయన నెగ్గారని కథలు ఉన్నాయి. ఆ కథలను ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. అందరూ ఒప్పుకునే మాట ఒక్కటే, ఆయన అక్కడే ఉండిపోయారు. ఇప్పుడు ఆ దర్గాకు ముస్లింలతో పాటు హిందువులూ వస్తారు. ఒకప్పుడు వద్దన్న ఊరే తర్వాత ఆయనను తన పేరుతో కలిపి చెప్పుకుంది.

హిజ్రీ 694లో, అంటే సుమారు 1295లో ఆయన పరమపదించారని సంప్రదాయం. ఆ తర్వాత 1336లో విజయనగరం లేచింది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత పెనుకొండే దానికి రాజధాని అయింది. అదీ పోయింది. కోట గోడలు కూలిపోయాయి. ఇంతమంది రాజులు ఏలిన ఊళ్లో, రాజ్యం వద్దని వచ్చిన ఆయన దగ్గరికి జనం ఇంకా వస్తూనే ఉన్నారు.

మన ఇళ్లకు ఆయనతో ఉన్న సంబంధం

రాయలసీమలో దూదేకుల, నూర్‌బాష్, పింజారి అని పిలిచే మనవాళ్లు ఇస్లాంలోకి రావడానికి బాబయ్యే కారణమని తరతరాలుగా చెప్పుకుంటారు. విల్లు పట్టుకొని దూది ఏకి, పరుపులు కుట్టి, సేద్యం చేసుకొని బతికిన కుటుంబాలు ఇవి. ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఉర్దూ రాదని, ఆచారాలు వేరని వీళ్లను తక్కువగా చూసినవాళ్లు ఉన్నారు. ఇటువైపు ముస్లింలేనా అని, అటువైపు తెలుగువాళ్లేనా అని రెండు పక్కలా మాటలు పడ్డారు. పెళ్లి సంబంధాల దగ్గర ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అట్లా అనేవాళ్లు బాబయ్య జీవితాన్ని ఒక్కసారి చూడాలి. పారసీ నేల నుంచి వచ్చిన రాజు వెతుక్కున్నది పెద్ద నగరాలను కాదు, పెద్ద వంశాలను కాదు. పుల్ల ఎక్కడ చిగురిస్తే అక్కడే తన ఊరు అనుకున్నారు. అది తెలుగు నేల మీద, కరువు సీమలో చిగురించింది. ఎవరి ఈమాన్ ఎంత అనేది వాళ్లు మాట్లాడే భాషను బట్టి తేలదు. అల్లాహ్ పిలిచినప్పుడు దేన్ని వదలడానికి సిద్ధపడ్డారో దాన్ని బట్టి తేలుతుంది.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఔలియాలను ప్రేమించడం అంటే వాళ్ల సమాధి దగ్గర మన అవసరాల చిట్టా విప్పడం కాదు. వాళ్లు ఎవరి ముందు తల వంచారో ఆయన ముందే మనమూ తల వంచడం. బాబయ్య అన్నీ వదిలింది అల్లాహ్ ఒక్కరి కోసమే. ఉరుసుకు పోయి, గంధం చూసి, ఇంటికి వచ్చి ఆ సంగతి మరచిపోతే పోయిన దారి ఖర్చులే మిగులుతాయి.

మనలో ఎవరికీ సీస్తాన్ గద్దె లేదు. కానీ దిగలేని చిన్న గద్దె ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉంది. కొడుకు పెళ్లికి కట్నం ఇంత అని పట్టుబట్టే తండ్రికి అదొక గద్దె. షరీఅత్ ఇచ్చిన ఆడబిడ్డ వాటాను పొలంలో కలిపేసుకొని నలుగురిలో పెద్దమనిషిగా తిరిగే అన్నకు అదొకటి. కరువులో పక్కింటివాడికి వడ్డీకి అప్పిచ్చేవాడికి ఇంకొకటి. దుకాణం మూయాల్సి వస్తుందని జుమా వదిలేసేవాడికి మరొకటి. చేతిలో సెల్‌ఫోన్ పట్టుకొని, ఎదురుగా తల్లి మాట్లాడుతున్నా వినకుండా గంటలు గడిపే పిల్లలకు అదే ఆ వర్తకుడి గుర్రం. పొద్దు పోయిందని తెలుసుకొని లేచి నిలబడటమే ముందుగా చేయాల్సిన పని.

లేచిన తర్వాత వెంటనే ఏమీ దొరకదు. కట్నం వద్దన్న ఇంటికి అప్పు మిగలొచ్చు. చెల్లెలి వాటా ఇచ్చిన అన్నకు ఎకరాలు తగ్గొచ్చు. చాలా రోజులు పొద్దున లేచి చూస్తే ఎండుపుల్లే కనిపిస్తుంది. నాటడం మన పని. చిగురు వేయించడం ఆయన పని. వాన ఎప్పుడు పడుతుందో తెలియకపోయినా విత్తనం వేసే మన రైతుకు ఈ ముక్క ఇంకొకరు నేర్పాల్సిన పని లేదు.

హజ్రత్ బాబా ఫఖ్రుద్దీన్‌కు అల్లాహ్ ఉన్నత స్థానాలు ప్రసాదించు గాక. ఆయన పిలుపు విన్న రోజున లేచి నిలబడే ధైర్యం, ఫలితం కనిపించకపోయినా నడిచే సబర్, మన సీమ నేలకు చాలినంత వాన మనందరికీ ఇచ్చు గాక. ఆమీన్.