ఊరినే ఖాళీ చేయించిన మాస్టారు.. పన్ను పోటుపై తిరగబడ్డ 'ఆంధ్రరత్న' దుగ్గిరాల గోపాలకృష్ణయ్య కథ ఇదీ!

పన్ను పెంచితే జనం ఏం చేస్తారు? మహా అయితే ధర్నా చేస్తారు, అర్జీ పెట్టుకుంటారు. తర్వాత తిట్టుకుంటూనే కట్టేస్తారు. కానీ వందేళ్ల కిందట తెలుగునాట ఓ ఊరు అలా చేయలేదు. ఇళ్లకు తాళాలు వేసి, పిల్లాజెల్లాతో ఊరి పొలిమేర దాటి వెళ్లిపోయింది. ఒకటి రెండు రోజులు కాదు.. దాదాపు 11 నెలలు గుడిసెల్లోనే కాపురం ఉంది. అదే చీరాల-పేరాల ఉద్యమం. దాన్ని నడిపింది పేరుమోసిన జమీందారో, పెద్ద ప్లీడరో కాదు. కాలేజీలో పాఠాలు చెప్పుకుని బతికిన ఓ మాస్టారు. ఆయనే ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య.

పసితనంలోనే అనాథ

గోపాలకృష్ణయ్య 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. పుట్టిన కొద్ది రోజులకే తల్లి పోయింది. ఊహ తెలియక ముందే తండ్రి కూడా కన్నుమూశారు. బంధువులే పెంచి పెద్ద చేశారు. చదువు గుంటూరు ప్రాంతంలో సాగింది. ఆటపాటల మీద, నాటకాల మీద ఉన్నంత ఇష్టం పాఠాల మీద ఉండేది కాదంటారు. కానీ బుర్ర మాత్రం పాదరసం.

1911లో స్నేహితుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి ఓడెక్కి స్కాట్లాండ్ వెళ్లారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి ఎం.ఏ. పట్టా అందుకున్నారు. అక్కడ ఉండగానే ప్రఖ్యాత కళా విమర్శకుడు ఆనంద కుమారస్వామితో పరిచయమైంది. ఇద్దరూ కలిసి నందికేశ్వరుడి 'అభినయ దర్పణం' గ్రంథాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. అది 1917లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుంచి వెలువడింది. అంటే ముప్పై ఏళ్లు నిండకముందే ప్రపంచ పండితుల సరసన ఆయన పేరు అచ్చయిందన్నమాట.

సీమ చదువు చదివి వచ్చిన వాళ్లకు అప్పట్లో సర్కారు కొలువు పెద్ద కష్టం కాదు. దొరలతో సమానంగా బతకొచ్చు. గోపాలకృష్ణయ్య మాత్రం పంతులు ఉద్యోగం ఎంచుకున్నారు. రాజమండ్రిలో కొంతకాలం పాఠాలు చెప్పారు. తర్వాత జాతీయోద్యమ స్ఫూర్తితో నడిచిన మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో చేరారు. అయితే ఎక్కడా ఎక్కువ కాలం నిలవలేదు. తనకు నచ్చని పద్ధతికి తలొగ్గే మనిషి కాదాయన. చివరికి ఉద్యోగం వదిలేసి చీరాల చేరుకున్నారు. అక్కడి నుంచి ఊరే ఆయనకు తరగతి గది అయింది.

అసలు గొడవ ఎక్కడ మొదలైంది?

చీరాల, పేరాల పక్కపక్కనే ఉన్న ఊళ్లు. రెండూ కలిపి జనాభా 15 వేలకు పైమాటే. ఎక్కువ మంది మగ్గం మీద బతికే నేతగాళ్లు, చిన్న చిన్న వ్యాపారులు, కూలీలు. అప్పటి వరకు యూనియన్‌గా ఉన్న ఈ ఊళ్లను 1919లో మద్రాసు ప్రభుత్వం కలిపేసి మున్సిపాలిటీగా ప్రకటించింది.

మున్సిపాలిటీ అనగానే ఊరికి మంచిదే కదా అనిపిస్తుంది. కానీ లెక్క తీస్తే గుండె గుభేలుమంది. అంతకుముందు ఏడాదికి సుమారు రూ.4 వేలు కట్టే ఊరి మీద ఏకంగా రూ.40 వేల దాకా భారం పడేలా ఉంది. అంటే పదింతలు! రెక్కాడితే గానీ డొక్కాడని నేతగాడి ఇంటికి ఇది మోయలేని బరువు. పైగా మున్సిపాలిటీ కావాలని ఊరి వాళ్లు అడగనే లేదు. మాకొద్దు బాబోయ్ అంటూ అర్జీల మీద అర్జీలు పెట్టారు. అప్పటి స్థానిక స్వపరిపాలన మంత్రి పానగల్ రాజాకూ మొర వినిపించారు. ఫలితం లేకపోయింది.

సరిగ్గా ఇక్కడే అర్థశాస్త్రం చదివిన మాస్టారు రంగంలోకి దిగారు. ఈ పన్ను ఎవరి జేబులోంచి పోతుందో, ఎవరి మాట మీద పోతుందో జనానికి అర్థమయ్యేలా విడమరిచి చెప్పారు. మాటకారితనంలో ఆయనకు సాటి లేరు. పద్యం, పిట్టకథ, వెటకారం కలిపి మాట్లాడుతుంటే జనం కదలకుండా వినేవారు. తోలుబొమ్మలాట, వీధి నాటకం లాంటి పల్లె కళలంటే ఆయనకు ప్రాణం. చదువురాని వాళ్ల దగ్గరికి కబురు చేరాలంటే అవే దారి అని నమ్మారు.

మున్సిపల్ కౌన్సిలర్లు రాజీనామా చేశారు. అయినా సర్కారు వెనక్కి తగ్గలేదు. జీతమిచ్చి మరీ ఛైర్మన్‌ను నియమించి పాలన నడిపించింది. జనం పన్ను కట్టడం మానేశారు. దాంతో కేసులు మొదలయ్యాయి. పలువురిని జైలుకు పంపారు. వాళ్లలో రావూరి అలివేలు మంగమ్మ అనే మహిళ కూడా ఉన్నారు.

రామదండు కట్టిన దళపతి

ఇదే సమయంలో గోపాలకృష్ణయ్య 'రామదండు' పేరుతో వాలంటీర్ల దళాన్ని తయారు చేశారు. కాషాయ రంగు బట్టలు, మెడలో రుద్రాక్షలు, నుదుటిన బొట్టు. చూడగానే గుర్తుపట్టే వేషం. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో విజయవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాల్లో జనాన్ని అదుపు చేసింది ఈ దండే.

ఆ సమావేశాలు ముగిశాక గాంధీజీ చీరాల వచ్చారు. పరిస్థితి విని రెండు దారులు చూపించారు. ఒకటి, అహింస తప్పకుండా పన్ను నిరాకరణ కొనసాగించడం. రెండోది, మున్సిపాలిటీ హద్దులు దాటి ఊరంతా బయటకు వెళ్లిపోవడం. మనుషులే లేని చోట మున్సిపాలిటీ ఎవరిని పాలిస్తుంది? అయితే కాంగ్రెస్ నుంచి డబ్బు సాయం ఆశించవద్దని, సొంత కాళ్ల మీద నిలబడగలిగితేనే దిగమని ముందే హెచ్చరించారు.

గోపాలకృష్ణయ్య, చీరాల జనం రెండో దారినే ఎంచుకున్నారు. అదే కష్టమైన దారి.

రామనగర్.. 11 నెలల కాపురం

1921 వేసవి. ఎండలు మండిపోతున్న రోజులు. సుమారు 13 వేల మంది ఊరు వదిలారు. హద్దుల అవతల తాటాకు గుడిసెలు, పందిళ్లు లేచాయి. ఆ కొత్త ఊరికి రామనగర్ అని పేరు పెట్టారు. ఊళ్లో మిగిలిన వాళ్లు కొద్దిమందే.

ఇక్కడే మాస్టారి అసలు ప్రతిభ కనిపిస్తుంది. జనాన్ని బయటకు తీసుకురావడమే కాదు, వాళ్లను వాళ్లే పాలించుకునేలా ఏర్పాటు చేశారు. ఒక్కో వర్గం నుంచి ప్రతినిధులను ఎన్నుకుని సభ పెట్టుకున్నారు. తగవులు కోర్టుకు వెళ్లకుండా పంచాయతీలోనే తేల్చుకున్నారు. కావలి పని రామదండు చూసుకుంది. మాకు మున్సిపాలిటీ నడపడం రాక కాదు, మమ్మల్ని అడగకుండా మా నెత్తిన పెట్టడమే తప్పు అని చేతల్లో చూపించారు.

కానీ ఉద్యమం కడుపు నింపదు కదా! మగ్గాలు మూలపడ్డాయి. వ్యాపారాలు దెబ్బతిన్నాయి. ఎండ పోయి వాన వచ్చింది. గుడిసెల్లో పిల్లలు, ముసలివాళ్లు నానా అవస్థలు పడ్డారు. చేతిలో ఉన్న నాలుగు డబ్బులూ అయిపోయాయి. ఇక విరాళాలే దిక్కయ్యాయి.

ఆ విరాళాల కోసమే గోపాలకృష్ణయ్య గంజాం జిల్లా బరంపురం వెళ్లారు. అక్కడ ప్రసంగించకూడదని అధికారులు ఆంక్ష పెట్టారు. ఆయన లెక్కచేయలేదు. వెంటనే అరెస్టు, ఏడాది జైలు శిక్ష. తిరుచిరాపల్లి జైలుకు పంపారు. నాయకుడు లేని రామనగర్ ఆ తర్వాత కూడా నెలల తరబడి నిలబడింది. 1922 మొదట్లో ఇక ఓపిక నశించి, ఒక్కొక్కరుగా పాత ఇళ్లకు చేరుకున్నారు. మున్సిపాలిటీ అలాగే ఉంది. పన్నూ అలాగే ఉంది.

ఓడిపోయారా? గెలిచారా?

లెక్క ప్రకారం చూస్తే చీరాల ఓడిపోయింది. ఆ ఓటమికి మాస్టారి బాధ్యత లేదనడానికీ వీల్లేదు. వేల కుటుంబాలను ఇల్లు వదిలించి, వాళ్లకు తిండి దొరికే దారి చూపకముందే ఆయన జైలు పాలయ్యారు. గాంధీజీ ముందే చెప్పిన డబ్బు ఇబ్బందే చివరకు ఉద్యమాన్ని కుంగదీసింది.

కానీ ఇంకో లెక్క కూడా ఉంది. అప్పటి వరకు స్వరాజ్యం అంటే పట్నాల్లో చదువుకున్న వాళ్ల మాట. చీరాలలో అది నేతగాడి మాట, కూలీ మాట అయింది. ఇంటి పన్ను చీటీకీ, పరాయి పాలనకూ ఉన్న లంకె ఏంటో సామాన్యుడికి తెలిసొచ్చింది. అదే ఏడాది చివర్లో, 1922 మొదట్లో గుంటూరు జిల్లా పెదనందిపాడులో రైతులు శిస్తు కట్టమని మొండికేశారు. పన్ను నిరాకరణ అనే ఆయుధం తెలుగు పల్లెలకు కొత్త కాకుండా పోయింది.

జైలు నుంచి వచ్చాక కూడా గోపాలకృష్ణయ్య ఖాళీగా కూర్చోలేదు. కాంగ్రెస్ పనుల్లో తిరిగారు. అయితే కూడబెట్టుకున్నది ఏమీ లేదు. దానికి తోడు క్షయ వ్యాధి పట్టుకుంది. పేదరికంతో, జబ్బుతో చివరి రోజులు భారంగా గడిచాయి. 1928 జూన్ 10న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 39 ఏళ్లే. ఆయన కలగన్న స్వరాజ్యం రావడానికి ఇంకా 19 ఏళ్లు ఉంది.

విజయవాడలోని కాంగ్రెస్ కార్యాలయానికి ఆంధ్రరత్న భవన్ అని పేరు ఆయన మీదుగానే వచ్చింది. రోజూ ఆ పేరు వినేవాళ్లలో చాలామందికి ఆ ఆంధ్రరత్న ఎవరో తెలియదు. ఎడిన్‌బరో పట్టా పుచ్చుకుని వచ్చి, మంచి కొలువు వదులుకుని, ఓ చిన్న ఊరి పన్ను చీటీ కోసం జీవితాన్ని పణంగా పెట్టిన మాస్టారే ఆయన.