చెప్పుల కొట్టులో వేదాంత విద్య: విలియం కేరీ జీవితం

నేను 1985-86 పదో తరగతి బ్యాచ్. వృత్తిరీత్యా ఎలక్ట్రికల్ ఇంజినీర్ని. మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీవారు అడిగినప్పుడు సబ్‌స్టేషన్ల గురించో, సోలార్ గురించో రాస్తాననుకుని ఉంటారు. కానీ మూడేళ్లుగా నా రాత్రులు వేరే పనిలో గడుస్తున్నాయి. ఉద్యోగం చేసుకుంటూ, ఇంటి దగ్గరే చదివి పరీక్షలు రాసే క్రైస్తవ వేదాంత కోర్సులో యాభై ఒకటో ఏట చేరాను. డిగ్రీ ఇచ్చేది పశ్చిమ బెంగాల్‌లోని శ్రీరాంపూర్. ఆ కాలేజీ పెట్టిన ముగ్గురిలో ఒకాయన విలియం కేరీ. ఆయన పేరు మనలో చాలామంది బెంగాలీ బైబిలుతో కలిపి వినే ఉంటారు. నాకు ఆసక్తి కలిగించింది మాత్రం ఆయన ఎప్పుడు, ఏ వేళప్పుడు, ఎవరి ఖర్చు మీద చదువుకున్నాడన్నది. కథ అక్కడి నుంచే చెబుతాను.

కేరీ 1761 ఆగస్టు 17న ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్‌లో పాలర్స్‌పరీ అనే పల్లెటూళ్లో పుట్టాడు. తండ్రి ఎడ్మండ్ మగ్గం నేసేవాడు. కేరీకి ఆరేళ్లప్పుడు ఆయనకు ఊరి బడిపంతులు ఉద్యోగం వచ్చింది. అందువల్ల పిల్లవాడికి చదవడం, రాయడం, లెక్కలు వచ్చాయి. అంతకు మించి చదివించే స్తోమత ఆ ఇంటికి లేదు. ఎండ పడితే చర్మం మీద దద్దుర్లు లేచేవి కాబట్టి పొలం పని కుదరలేదు. పద్నాలుగో ఏట పిడింగ్‌టన్‌లో క్లార్క్ నికల్స్ అనే చెప్పులు కుట్టే ఆయన దగ్గర పనికి కుదిర్చారు. నీడపట్టున కూర్చుని చేసే పని.

ఆ కొట్టులో కొన్ని పుస్తకాలుండేవి. వాటిలో క్రొత్త నిబంధనకు రాసిన వ్యాఖ్యానం ఒకటి. అందులో అక్కడక్కడా గ్రీకు మాటలు ఉండేవి. కుర్రవాడికి ఆ అక్షరాలేమిటో కూడా తెలియదు. ఒక్కొక్క మాటనీ కాగితం మీద చూసి బొమ్మలా గీసుకుని, సొంత ఊరు వెళ్లినప్పుడు థామస్ జోన్స్ అనే నేతపనివాడికి చూపించేవాడు. జోన్స్ ఒకప్పుడు మంచి చదువు చదివి, బతుకు పాడుచేసుకుని మళ్లీ మగ్గం దగ్గరికి వచ్చినవాడు. కేరీకి గ్రీకు నేర్పిన మొదటి గురువు ఆయనే. పెద్ద పేరున్న ప్రొఫెసర్ల గురించి మనం గొప్పగా చెప్పుకుంటాం కానీ, చెడిపోయాడని ఊరంతా అనుకునే మనిషి దగ్గర కూడా ఒక్కోసారి నేర్చుకోవలసింది ఉంటుంది.

కేరీ మొదటి నుంచీ బుద్ధిమంతుడేమీ కాదు. ఒక క్రిస్మస్‌కు ఇనుప సామాన్ల వర్తకుడు బహుమతిగా ఇచ్చిన షిల్లింగు చెల్లనిదని తేలితే, దాన్ని యజమాని డబ్బులో కలిపి మంచి నాణెం తాను తీసుకున్నాడు. సంగతి బయటపడింది. ఆ సిగ్గు అతన్ని చాలాకాలం వేధించింది. అదే కొట్టులో తోటి పనివాడు జాన్ వార్‌తో జరిగిన వాదనలూ అతన్ని కదిపాయి. క్రమంగా ఇంగ్లండు రాజ్య సంఘాన్ని వదిలి స్వతంత్ర సంఘాలవైపు వెళ్లాడు. 1783 అక్టోబరు 5న నార్తాంప్టన్‌లో నెన్ నదిలో బాప్తిస్మం తీసుకున్నాడు. దీనికో పర్యవసానం ఉంది. ఆ రోజుల్లో రాజ్య సంఘానికి చెందనివారికి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ డిగ్రీలు లేవు. డబ్బున్నా లేకపోయినా ఆ తలుపులు అతనికి మూసుకున్నట్టే.

నికల్స్ చనిపోయాక హాకిల్‌టన్‌లో థామస్ ఓల్డ్ దగ్గర పని చేశాడు. 1781లో డొరోతీ ప్లాకెట్‌ను పెళ్లి చేసుకున్నాడు. పెళ్లి రిజిస్టరులో ఆమె సంతకం బదులు ఒక గుర్తు గీసింది. ఆమెకు రాయడం రాదు. ఈ గీత సంగతి నాకు పదేపదే గుర్తొస్తుంది, మళ్లీ దాని దగ్గరికి వస్తాను. మొదటి బిడ్డ ఆన్ జ్వరంతో పోయింది. అదే జ్వరం కేరీకీ వచ్చి జుట్టంతా రాలిపోయింది, చాలా ఏళ్లు విగ్గు పెట్టుకున్నాడు.

ఆ దారిద్ర్యంలోనే లాటిన్, గ్రీకు, హీబ్రూ సాగాయి. పక్కన పుస్తకం తెరిచిపెట్టుకుని, చేతిలో ఆరెతో తోలు కుడుతూ చదివేవాడు. ఆ ప్రాంతంలో పేరున్న వేదాంతి థామస్ స్కాట్ తర్వాతి కాలంలో ఆ కొట్టును కేరీగారి కాలేజీ అని చూపించేవాడట. తర్వాత ఫ్రెంచి, డచ్చి, ఇటాలియన్ కూడా పట్టుబడ్డాయి.

నాలాంటివాళ్లకు ధైర్యమిచ్చే ఘట్టం ఒకటి 1785లో జరిగింది. బోధకుడిగా పంపమని ఓల్నీ సంఘాన్ని అడిగి, పరీక్షగా వారి ముందు ప్రసంగించాడు. వారికి తృప్తి కలగలేదు. ఇంకొంతకాలం చూద్దామన్నారు. ఏడాది పైగా గడిచాక, 1786 ఆగస్టులో గానీ ఒప్పుకోలేదు. నేను గ్రీకు పేపరు మొదటిసారి తప్పినప్పుడు ఈ సంగతి చదివి ఆ రాత్రి కాస్త నిద్రపోగలిగాను.

మౌల్టన్ అనే ఊళ్లో చిన్న సంఘానికి కాపరిగా, బడికి పంతులుగా చేరాడు. సంఘం ఇచ్చేది ఏడాదికి పది పన్నెండు పౌన్లు. బడి సరిగా నడవలేదు. మళ్లీ ఆరె పట్టక తప్పలేదు. కుట్టిన బూట్లు మూట కట్టుకుని కెటరింగ్‌లో థామస్ గాచ్ అనే బూట్ల వ్యాపారి దగ్గరికి నడిచి వెళ్లి ఇచ్చి, కొత్త తోలు తెచ్చుకునేవాడు. ఈ కుర్రవాడు వారమంతా కుట్టి సంపాదించేదెంతో గాచ్ కనుక్కుని, ఇక తన తోలు పాడుచేయవద్దనీ, కూర్చుని చదువుకొమ్మనీ, వారానికి పది షిల్లింగులు తానే ఇస్తాననీ చెప్పాడని జీవిత చరిత్రకారులు రాశారు. చదువుకునేవాడికి కావలసింది కాలం, దాన్ని కొనివ్వవచ్చని ఆ వ్యాపారికి తెలిసింది. మన సంఘం స్కాలర్‌షిప్ కమిటీ సభ్యులకు ఈయన్ని పరిచయం చేయాలనిపిస్తుంది.

మౌల్టన్ బడిలో భూగోళం చెప్పడానికి కేరీ తోలు ముక్కలు కుట్టి గ్లోబు తయారుచేశాడు. కాగితాలు అతికించి పెద్ద ప్రపంచ పటం చేసి గోడకు తగిలించి, ఏ దేశంలో జనమెంత, మతమేది అని దాని మీదే రాసుకునేవాడు. కెప్టెన్ కుక్ సముద్రయానాలు చదివి ఆ అంకెలు నింపేవాడు. మన సోషల్ రూములో ఒకవైపు సొట్టపోయిన గ్లోబు గుర్తున్నవాళ్లు దీన్ని ఊహించుకోగలరు. ఆ పటం నుంచే 1792లో చిన్న పుస్తకం వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 2న కెటరింగ్‌లో కొద్దిమంది కలిసి మిషన్ సొసైటీ ప్రారంభించారు. హామీపడిన మొత్తం చందా 13 పౌన్ల 2 షిల్లింగుల 6 పెన్సులు.

మరుసటి ఏడు ఇండియాకు ప్రయాణం. డొరోతీ రానంది. అప్పుడామె నిండు గర్భిణి. సొంత జిల్లా దాటి ఎరగని మనిషి. కేరీ పెద్ద కొడుకు ఫీలిక్స్‌ను మాత్రం తీసుకుని బయలుదేరాడు. ఓడలో ఆటంకం వచ్చి తిరిగి రావలసివచ్చింది. ఈసారి ఒత్తిడి చేస్తే, చెల్లెలు కిట్టీ తోడు వస్తేనే వస్తానంది. 1793 జూన్ 13న చేతిలో పసిబిడ్డతో డేనిష్ ఓడ ఎక్కింది. నవంబరులో కలకత్తా చేరారు.

మొదటి నెలల్లో తిండికీ కరువే. 1794లో మాల్దా దగ్గర మదనాబటీలో నీలిమందు ఫ్యాక్టరీ మేనేజరుగా నెలకు 200 రూపాయల ఉద్యోగం దొరికింది. వానాకాలంలో మూడు నెలలు ఊపిరాడని పని, మిగతా కాలం తీరిక. ఆ తీరికలో బెంగాలీ, సంస్కృతం నేర్చుకుంటూ క్రొత్త నిబంధన అనువాదం చాలావరకు ముగించాడు. కానీ ఆ ఏడే అయిదేళ్ల కొడుకు పీటర్ విరేచనాలతో చనిపోయాడు. డొరోతీకి మతి చలించింది. మళ్లీ కోలుకోలేదు. భర్త మీద అనుమానాలు, కేకలు. చివరికి గదిలో పెట్టి తాళం వేయవలసి వచ్చింది. పక్క గదిలో అనువాదం సాగింది.

1800 జనవరిలో డేనిష్‌వారి ఏలుబడిలో ఉన్న శ్రీరాంపూర్ చేరాడు. ఈస్టిండియా కంపెనీకి మిషనరీలంటే గిట్టదు కాబట్టి ఆ చోటు. అక్కడ జాషువా మార్ష్‌మన్, అచ్చుపని తెలిసిన విలియం వార్డ్ తోడయ్యారు. బెంగాలీ క్రొత్త నిబంధన 1801లో వెలువడింది. అదే ఏడు కలకత్తాలో ఫోర్ట్ విలియం కాలేజీవారు కేరీని బెంగాలీ బోధించడానికి పిలిచారు. కాలేజీ గడప తొక్కని తాను కాలేజీలో చెప్పగలనా అని సంకోచించాడు. జీతం నెలకు 500, తర్వాత వెయ్యి. అందులో చాలాభాగం ప్రెస్సుకూ, మిషన్‌కూ ఇచ్చేశాడు.

1806 జూన్‌లో తన ఒక రోజు ఎలా గడిచిందో కేరీ ఇంగ్లండులోని మిత్రుడికి ఉత్తరం రాశాడు. ఉదయం ఆరు కాకముందే లేచి హీబ్రూలో ఒక అధ్యాయం. ప్రార్థన. టీ తయారయ్యేలోగా మున్షీతో కాస్త పారసీ. తర్వాత పండితుడితో సంస్కృత రామాయణం అనువాదం. పది గంటల నుంచి మధ్యాహ్నం దాకా కాలేజీ పాఠాలు. ఇంటికొచ్చి బెంగాలీ ప్రూఫులు. భోజనమయ్యాక సాయంత్రం ఆరు దాకా మత్తయి సువార్త సంస్కృతంలోకి. ఆరింటికి దక్షిణాది నుంచి కొత్తగా వచ్చిన తెలుగు పండితుడు ఎదురుగా కూర్చున్నాడు, తెలుగు నేర్పడానికి. ఏడింటికి ప్రసంగం సిద్ధం చేసుకోవడం, ఏడున్నరకు ప్రసంగం. తొమ్మిది తర్వాత పదకొండు దాకా మళ్లీ అనువాదం. పడుకునే ముందు గ్రీకులో ఒక అధ్యాయం.

ఆ సాయంత్రం ఆరు గంటల వరస చదివినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను. ఆయనకప్పుడు నలభై నాలుగేళ్లు. రోజంతా పాఠాలు చెప్పి వచ్చి మన అఆలు దిద్దుకున్నాడన్నమాట. డొరోతీ అప్పటికి ఇంకా బతికే ఉంది. వారంలో చాలా రోజులు ఆయన కలకత్తాలో, ఆమె శ్రీరాంపూర్‌లో. 1807 డిసెంబరు 8న చనిపోయింది. మగపిల్లలను దారిలో పెట్టింది చాలావరకు హన్నా మార్ష్‌మన్, వార్డులే.

1812 మార్చి 11 సాయంత్రం ప్రెస్సు తగలబడింది. రెండు వందల అడుగుల భవనం, కాగితం, ఎన్నో భాషల అచ్చు అక్షరాలు, ఏళ్ల తరబడి రాసిన ప్రతులు పోయాయి. కలకత్తాలో ఉన్న కేరీకి ఆ వార్త మర్నాడు తెలిసింది. కరిగిన సీసాన్ని ఏరి మళ్లీ అక్షరాలు పోతపోయించారు, పోయిన ప్రతులు మళ్లీ రాశారు. 1814లో కేరీ తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు క్రొత్త నిబంధన శ్రీరాంపూర్ నుంచి వెలువడ్డాయి. అన్ని భాషలను ఒకేసారి తలకెత్తుకోవడం వల్ల శ్రీరాంపూర్ అనువాదాల్లో నాణ్యత ఒకేలా లేదు. తెలుగు బైబిలును తర్వాతివారు మళ్లీ కొత్తగా అనువదించుకోవలసి వచ్చింది. ఇది దాచవలసిన సంగతి కాదు.

ఇంజినీరుగా ఒక్క మాట. పురుగు తినని కాగితం కోసం శ్రీరాంపూర్‌వారు 1820లో బోల్టన్ నుంచి 12 హార్స్‌పవర్ ఆవిరి యంత్రం తెప్పించి మిల్లు నడిపారు. యంత్రం అలా పనిచేస్తుండగా చూడటానికి జనం వచ్చేవారట. నాకు కాలంలో వెనక్కి వెళ్లే వీలుంటే ముందు అక్కడికే వెళ్తాను.

1818లో కాలేజీ మొదలైంది. క్రైస్తవ విద్యార్థులూ, ఇతరులూ కలిసి 37 మంది. 1827లో డెన్మార్క్ రాజు ఆరో ఫ్రెడరిక్ డిగ్రీలిచ్చే అధికారంతో చార్టర్ ఇచ్చాడు. కులం, రంగు, దేశం కారణంగా ఎవరికీ ప్రవేశం నిరాకరించకూడదని నియమావళిలో రాశారు. ఆక్స్‌ఫర్డ్ తలుపు మూసి ఉన్న మనిషి పెట్టిన కాలేజీ అది. వేదాంతంలో మొదటి బి.డి. డిగ్రీలు 1915లో గానీ ఇవ్వలేదు. ఈనాడు హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల కూడా శ్రీరాంపూర్ సెనేట్‌కు అనుబంధమే.

1829 డిసెంబరులో సతీసహగమనాన్ని నిషేధించిన ఉత్తర్వు బెంగాలీ అనువాదానికి ఒక ఆదివారం ఉదయం ఆయన చేతికందింది. ఆ రోజు ప్రసంగం వేరొకరికి అప్పగించి, సాయంత్రానికల్లా తర్జుమా ముగించాడు. గంట ఆలస్యమైతే ఒక ప్రాణం పోవచ్చని ఆయన భయం. 1834 జూన్ 9న శ్రీరాంపూర్‌లో కన్నుమూశాడు.

కిందటి నెల నా హాల్ టికెట్ వచ్చింది. దాని మీద శ్రీరాంపూర్ పేరు చూసి అది ఎక్కడుందని మా ఇంటావిడ అడిగింది. బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని ఈ కథంతా చెప్పాను. పెళ్లి రిజిస్టరులో గీత దగ్గరా, తాళం వేసిన గది దగ్గరా ఆమె చేయి ఆగింది. ఈ మూడేళ్లలో నా చదువు కోసం తను ఒంటరిగా వెళ్లిన పెళ్లిళ్లు, ఆసుపత్రులు ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. కోపంగా కాదు, లెక్కగానే. నా దగ్గర జవాబు లేదు. ఇంకా రెండు పేపర్లున్నాయి. సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా పుస్తకం తీయనని ఒప్పుకున్నాను. స్వర్ణోత్సవానికి ఇద్దరం కలిసే వస్తున్నాం.